లైను చివర చుక్క

మధ్యాహ్నం. వాకిట్లో నీళ్లు మూడో మెట్టు దాకా వచ్చాయి. ఏటి గట్టు దగ్గర నీటిమట్టం చూసే ఉద్యోగి భార్యా, అతని తమ్ముడూ ఒకే ఫోను మీదికి వంగి ఉన్నారు. పక్కనే మంచం మీద పాప నిద్రపోతోంది.

“వదినా, వరదల ఆఫీసు సైటు ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉంది. పెద్దసారు ఫోటో సగం దిగి ఆగిపోయింది.”

“దాని మొహం! మీ అన్నయ్య నీటిమట్టం రాసే పేజీ తెరువు. బొమ్మల్లేవు, రంగుల్లేవు, వట్టి అక్షరాలు. ఈ కాస్త సిగ్నలుకే వచ్చేస్తుంది.”

“ఆ పేజీని చూసి ఎన్నిసార్లు నవ్వానో... వచ్చింది వదినా! రెండింటికి ముప్పై అడుగులు. రెండున్నరకి ముప్పై నాలుగు. అంతే. ఇప్పుడు టైము మూడున్నర.”

“అరగంటకోసారి రాస్తారే! చివర చుక్క ఉందా?”

“చుక్కేంటి?”

“చుక్క పెట్టాకే మీ అన్నయ్య కుర్చీలోంచి లేస్తారు. చుక్క లేదంటే ఇంకా ఆ నీటిమట్టం గదిలోనే ఉన్నారని. గది గట్టు కిందే కదా!”

“రెండు లైన్లకీ ఉంది. లేచి వచ్చేస్తూ ఉంటాడులే.”

“మరి మూడింటి లైనేదీ? మళ్లీ తెరువు.”

“ఆగు... కొత్త లైను వచ్చింది. అంకెల్లేవు. ‘గట్టు తెగింది, అందరూ మేడలెక్కండి’ అని రాశాడు.”

“అయ్యో! పాపని ఎత్తుకో, పద. చుక్క పెట్టారా?”

“ముందు మెట్లెక్కు వదినా.”

“చుక్క ఉందా లేదా, చెప్పు!”

“మెట్లెక్కు వదినా, నీకు దణ్ణం పెడతాను.”