చేతులల్ల పంజా, కాలికి బిడ్డ

హన్మకొండలో ఒక డిగ్రీ కాలేజీ. ప్రాజెక్టు రిపోర్టులు రాసుకునే పిల్లలకు సాయం చేసే చిన్న గది. నాలుగు దాటింది. తాళాలు పట్టుకొని అటెండర్ గట్టయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నలభై ఒకటా? నలభై ఒక్క పర్సెంటు కాపీ అంటాందా మేడం ఆ మిషిను?"

"మిషిను కాదు, సాఫ్ట్‌వేర్. కాపీ అని అది అనదు. పాతదాంతోటి ఇంత కలిసింది అంటది, అంతే. కూసో తిరుమలా, నిలబడి ఊగకు."

"కూసోను మేడం. ఐదింటికల్ల లక్ష్మీనారాయణ సార్ టేబుల్ మీద పెట్టాలె. 'స్వప్న మేడం సంతకం లేకుంటె ముట్టుకోను' అన్నడు, మీ సంతకం కావాలె. ఇరవై దాటితె కమిటీకి పంపుతరట గద?"

"పంపుతరు."

"పంపితె?"

"యాడాది పోతది."

"అంత సల్లగ చెప్తరేంది మేడం. యాడాది పోతె ఎం.ఏ సీటు పోతది. మా బాపు బట్టల షోరూంల మాట్లాడి పెట్టిండు, జూన్ ఒకటి నుంచి రమ్మన్నరట. సీటొస్తెనే అది తప్పుతది. లేకుంటె జిందగంత చీరెలు మడత పెట్టుకుంట ఉండాలె."

"అందుకే చెప్తాన. ఇక్కడ్నే కూసొని మూడో అధ్యాయం మార్చి రాయి. మాటలు జర అటు ఇటు చెయ్యి. 'తెగుతది' అన్నకాడ 'తెగిపోవును' అని పెట్టు. పేరాలు కిందివి మీద, మీదివి కింద. అరగంటల పదిహేనుకు దిగుతది. నేను సంతకం పెడ్త."

"డిసెంబర్ల మీరే గద క్లాసు చెప్పింది? మాటలు మార్చినా దొంగతనం దొంగతనమే అని. బోర్డు మీద గీత గీసి మరీ చెప్పిండ్రు."

"చెప్పిన."

"మరి?"

"మరి టైం లేదు. టైం ఉన్నప్పటి మాట వేరు."

"నేను దొంగతనం చెయ్యలె మేడం. చెయ్యనప్పుడు ఎందుకు మార్చాలె?"

"అందరు అట్లనే అంటరు. మొన్నొకడు నెట్లకెల్లి దించుకొచ్చిండు. వేరే కాలేజి పేరు కూడ మార్చలె. అడిగితె, 'నాకే ఆశ్చర్యమైతాంది మేడం' అన్నడు."

"నేను వాడు ఒకటేనా?"

"కాదు. నువ్వు మంచిగ చదివే పిల్లవు, నాకెరుక. గని ఇది ఒకటి రెండు మాటలు కాదు, పేరాలకు పేరాలు. 'ఎండకాలంల నూలు అలుగుతది, ముట్టుకుంటె తెగుతది.' ఎక్కడిది ఇది?"

"మా అమ్మ చెప్పింది. నా ప్రాజెక్టే అది గద మేడం, కొత్తవాడల జంపఖానాలు నేసేటోళ్ల మాటలు. మా అమ్మ నేస్తది, మా అమ్మనే అడిగిన. ఫోన్ల రికార్డు కూడ ఉన్నది."

"పాత థీసిస్‌ల కూడ పొల్లు పోకుంట అదే ఉన్నది. మీ అమ్మ అది చదివి నీకు చెప్పిందంటరు."

"మా అమ్మకు చదువు రాదు. గ్యాసు బుక్కు మీద ఏలిముద్ర పెడ్తది."

"అట్లనా."

"ఏ థీసిస్ మేడం అది? ఎవరిది?"

"ఎవరిదో. 2006ల ఎం.ఫిల్‌ది. యూనివర్సిటోళ్లు పాతయన్ని స్కాన్ చేసి ఈ యేడే ఎక్కించిండ్రు. ఎక్కియ్యకపోతె ఈ లొల్లే ఉండకపోవు."

"పేరుంటది గద."

"పేరు మనకెందుకు?"

"కాపీ కొట్టిన అంటాండ్రు. ఎవరిది కొట్టిన్నో చెప్పరా? ఆ స్క్రీన్ జర ఇటు తిప్పుండ్రి."

"స్టూడెంట్లకు చూపెట్టద్దు. రూల్."

"నిన్న మా క్లాసు అఖిల్‌కు చూపెట్టిండ్రు. వాడే చెప్పిండు."

"అఖిల్‌ది వేరు."

"ఏం వేరు?"

"తిరుమలా, నీ మేలు కోరి చెప్తాన. ఇది కమిటీకి పోతె నన్ను కూడ పిలుస్తరు. పద్దెనిమిదేండ్లు కాంట్రాక్టుల చేసిన. నా రెగ్యులర్ ఫైలు ఈ నెలనే కదిలింది. నీకు లొల్లి వద్దు, నాకు లొల్లి వద్దు. పెన్ను తీసుకో. గట్టయ్యా, ఇంక అరగంట ఉన్నది, ఆ తాళాలు ఆడియ్యకు నాయినా, తల నొస్తాంది."

"సార్ రూం కాడున్న మా క్లాసు స్రవంతి మెసేజ్ పెట్టింది మేడం. సార్ బ్యాగు సర్దుతాండట."

"సర్దనియ్యి. ఐదు దాక ఉంటడు."

"ఇంకేమేం కలిసినయ్? జర చదువుండ్రి. మా అమ్మవి కానియి ఉంటె ఇప్పుడే కొట్టేస్త. ఒట్టు."

"టైం వేస్టు."

"చదువుండ్రి మేడం."

"'అలిగిన నూలును గుంజద్దు. కింద తడిగుడ్డ పరిచి, నువ్వు పోయి చాయ తాగి రావాలె. వచ్చేటాళ్లకు మెత్తబడి ఉంటది.'"

"అమ్మది."

"'జంపఖానాకు తొందర గిట్టదు. తొందర చేసినకాడ పోగు వదులైతది. పదేండ్లకైనా అక్కడ్నే చిరుగుతది.'"

"అమ్మదే. నేను ఉరికితె కూడ అదే అంటది. ఇంకా?"

"చాలు."

"ఇంకా ఉన్నది మేడం, మీరు కిందికి చూస్తాండ్రు."

"'చంటిపిల్ల ఉన్నప్పుడు ఊయల తాడును కాలి బొటనవేలుకు కట్టుకొని, ఊపుకుంటనే నేసేది. చేతులల్ల పంజా, కాలికి బిడ్డ.'"

"ఆ బిడ్డను నేనే."

"ఏంది?"

"నేనే మేడం. 2005 మార్చిల పుట్టిన. మా అమ్మ బొటనవేలు మీద ఇప్పటికీ తాడు రాసుకున్న మచ్చ ఉన్నది. అది రాసినోళ్లు మా ఇంటికి వచ్చే రాసిండ్రు."

"అందరిండ్లల్ల అట్లనే ఊపుతరు. కొత్తవాడల నేసేటోళ్లు మీ అమ్మ ఒక్కతేనా?"

"ఊపుతరు. గని దువ్వెన తీరు ఆ ఇనుప పంజాతోటి పేకను కొట్టుకుంట, 'చేతులల్ల పంజా, కాలికి బిడ్డ' అని అందరనరు. మా అమ్మనే అంటది. నన్ను తిట్టేటప్పుడు కూడ అంటది, అట్ల పెంచిన నిన్ను అని. ఆగుండ్రి, ఫోన్ చేస్తాన."

"వద్దు."

"ఒక్క నిమిషం."

"వద్దంటాన గద. పనిల ఉంటది ఆమె. ఊకెనే ఫికర్ పడ్తది."

"స్పీకర్ పెడ్తాన, మీరే వినుండ్రి. హలో, అమ్మా? యాడున్నవ్?"

"యాడుంట, మగ్గం కాడ. ఇచ్చినవా బిడ్డా, అయిపోయిందా?"

"కాలె. మేడం కాడ్నే ఉన్న. మేడం వింటాంది, మాట్లాడు. మేడం, మాట్లాడుండ్రి."

"హలో. నమస్తె సరోజన గారు."

"అమ్మా? వినబడ్తాందా? మేడం నమస్తె అంటాంది."

"ఆ, వినబడ్డది. నమస్తె మేడం. మా పిల్లను జర చూసుకోండ్రి, దానికి తొందరెక్కువ."

"ఏం లేదండి. చిన్న విషయం. మేమే చూసుకుంటం, మీరు పెట్టేయండి."

"పెట్టకమ్మా. నూలు అలుగుతది అని నాకు చెప్పినవ్ గద. అది ఇంకెవరికన్న చెప్పినవా? శానేండ్ల కింద, నేను ఊయలల ఉన్నప్పుడు?"

"ఎందుకడుగుతానవ్?"

"ఎవరో అదంత థీసిస్‌ల రాసుకున్నరు. ఇప్పుడేమో నేను వాళ్లది చూసి రాసిన అంటాండ్రు. నన్ను దొంగ అంటాండ్రమ్మా. విన్నవా?"

"విన్న."

"ఎవరన్న వచ్చిండ్రా ఇంటికి?"

"వచ్చింది ఒక పిల్ల. యూనివర్సిటిల చదువుతాన అక్కా, జర మీ పని చెప్పవా అనుకుంట. ఎండకాలం మూడు నెలలు నడుచుకుంటనే వచ్చింది. కింద కూసోరాకపోయేది, మోకాలు నొప్పి. మీ బాపు ఇటికెల మీద చెక్క వేసి పీట చేసిండు. నేను నేసుకుంట చెప్తాంటె రాసుకునేది. నువ్వు ఏడిస్తె నా కాలికెల్లి తాడు ఇప్పి తన కాలికి కట్టుకునేది."

"నాకు ఎన్నడు చెప్పలేదేంది?"

"చెప్పేతందుకు ఏమున్నది? పుస్తకం అయినంక తెస్తనన్నది. నాకు చదువు రాదు గద, నా పేరు ఎక్కడున్నదో వేలు పెట్టి చూపిస్త అక్కా అన్నది. నాలుగైదు దసరాలు చూసిన. ఇగ రాలె."

"మేడం, ఆ థీసిస్‌ల మా అమ్మ పేరున్నదా? ముందల అందరికి థ్యాంక్స్ చెప్పే పేజీ ఉంటది గద, అండ్ల."

"లేదు."

"జర మంచిగ చూడుండ్రి."

"గైడు పేరున్నది. లైబ్రేరియన్ పేరున్నది. టైపు చేసినాయన పేరు కూడ ఉన్నది. మీ అమ్మది లేదు. 'కొందరు నేతకార్మికులు' అని ఉన్నది."

"మీరు పేజీ తిప్పనే లేదు మేడం."

"పొద్దున చూసిన."

"అమ్మా, ఆ పిల్ల పేరేంది?"

"ఎందుకు నీకు?"

"కమిటీల చెప్త. దొంగ ఆమె, నేను కాదు అని."

"యాదికి లేదు."

"అబద్ధం. ముప్పై ఏండ్ల కింద ఏ జంపఖానాకు ఏ అంచు వేసినవో చెప్తవ్. మూడు నెలలు వచ్చిన పిల్ల పేరు యాదికి లేదా?"

"యాదికున్నది. చెప్ప."

"అమ్మా, నా యాడాది పోతదే. జూన్‌ల షోరూంకు పోవాలె నేను."

"నీ యాడాది పోవద్దనే ఉన్నది నాకు. ఇంకేదన్న తొవ్వ చూడుండ్రి. ఆ పిల్ల ఏం నౌకరి చేసుకుంటాందో, ఎన్ని తిప్పలు పడి ఆడిదాక వచ్చిందో. మన నోటితోటి దాని కూడు ఎందుకు చెడగొట్టాలె? మరిచిపోయి ఉంటది, అంతే."

"మరిచిపోలె."

"మేడం?"

"మరిచిపోలేదు తిరుమలా. నాకు సిగ్గయింది. గైడు అన్నడు, మగ్గం కాడ కూసున్న ఆడామె పేరు రెఫరెన్సులల్ల రాస్తె నవ్వుతరు, నీ మాట తీరుగ రాసుకో అని. రాసుకున్న. అచ్చయినంక ఆ పుస్తకం సంచిల పెట్టుకొని రెండుసార్లు మీ వాడకు ముందల పోచమ్మ మైదానం దాక వచ్చిన. పేరు లేని పుస్తకంల వేలు ఎక్కడ పెట్టి చూపెట్టాలె? అక్కడికెల్లే వెనక్కి మళ్లిన."

"మీరా?"

"నేనే."

"పొద్దున్నుంచి ఎరికేనా మీకు?"

"పొద్దున్నుంచి ఎరికె. స్క్రీన్ మీద నా పేరు చూసిన."

"ఎరికుండే నన్ను మాటలు మార్చుమన్నరా?"

"అన్న. భయమైంది. నీ పర్సెంటు దిగితె నా పేరు ఎవ్వరు చూడరని అన్న. ఇంకా రెండు నిమిషాల కింద కూడ, ఫోన్ పెట్టేస్తె బాగుండు అనుకున్న."

"బోర్డు మీద గీత గీసింది మీరే గద మేడం."

"ఏమన్నా పడ్త. ముందల పెన్ను తీయి, పన్నెండు నిమిషాలున్నది. ఒక్క మాట మార్చకు. మీ అమ్మ ఎట్ల చెప్పిందో అట్లనే ఉండాలె. రెఫరెన్సులల్ల మొదటిది రాయి. సరోజన, జంపఖానా నేసే మనిషి, కొత్తవాడ, నోటితోటి చెప్పినది. రాసినవా?"

"రాసిన."

"రెండోది. కె. స్వప్న, ఎం.ఫిల్ థీసిస్, 2006. దాని కింద ఇట్ల రాయి. ఇందులో మూడో అధ్యాయం మొత్తం పైన చెప్పిన సరోజన మాటలే, ఆమె పేరు పెట్టలేదు."

"సార్ చదువుతడు మేడం."

"చదవనియ్యి. దాని కిందనే నేను సంతకం పెడ్త. ఇటియ్యి."

"మీ ఫైలు?"

"అది నా సంగతి. పద, నేను కూడ వస్త సార్ కాడికి. నువ్వొక్కదానివి చెప్తె నమ్మడు. ఆ ఫోను ఇట్లియ్యి జర. సరోజనక్కా, లైన్ల ఉన్నవా?"

"ఉన్న పిల్లా. నువ్వు హలో అన్నప్పుడే గుర్తువట్టిన. అక్కా అంటవేమోనని ఇంతసేపు ఆగిన."