యేసోబు పాటలో తప్పు

దేవుని పాటకు తప్ప తెరుచుకోని నోరు దేవుడు తాకిన నోరేనని జమ్మలమడుగులోని ఆ చిన్న సంఘంలో అందరూ నమ్ముతారు. చేపలమ్మే యేసోబుకు మెదడులో చీముగడ్డ తీసినప్పటి నుంచి మాట పోయి పాట ఒక్కటే మిగలడం ఆ నమ్మకానికి ఆధారం. అతని భార్య సలోమికి అన్న అయిన దేవదానం, ప్రొద్దుటూరులో జంతుశాస్త్రం బోధించి రిటైరైనవాడు, పేరులో తప్ప మరెక్కడా దేవునికి చోటివ్వనివాడు, ఆ నమ్మకం సంగతి తేల్చడానికి శనివారం పొద్దున బస్సు దిగాడు. పాస్టరు ప్రభుదాసు అప్పటికే యేసోబు మంచం పక్కన కుర్చీ వేసుకుని ఉన్నాడు.

"అయితే రేపు పులివెందుల స్వస్థత సభలో మా బావ ఫిట్స్ మాత్రల డబ్బా పారేస్తాడంటారు?"

"పారేయడం కాదు దేవదానం సార్. ఎగతాళి వద్దు. పొద్దున మాత్ర వేసుకోకుండా వస్తాడు. పాట పాడతాడు. పాడి, డబ్బా తీసుకెళ్లి ప్రభువు పాదాల దగ్గర పెడతాడు. అదే యేసోబన్న సాక్ష్యం."

"ప్రభువు పాదాలు పులివెందులలో యాడుంటాయి పాస్టరు గారూ? స్టేజీ మీదనా, స్టేజీ కిందనా?"

"అన్నా! వచ్చినోడివి కాళ్లు కడుక్కోపో ముందు."

"కడుక్కుంటాలే సలోమీ. ముందు ఇది తేల్చనీ. మాత్రలు ఆపమని డాక్టరు చెప్పినాడా?"

"లేదు."

"నువ్వు చెప్పినావా?"

"నన్నెవరడిగినారు?"

"బావా, నువ్వు చెప్పినావా? ఆ మాత్రలు వద్దన్నావా?"

"ఆ... మ్... ఆ..."

"ఆయన్ను కష్టపెట్టకండి సార్. మాటతో అడిగితే రాదు. ఆ నోటికి ప్రభువు వేసిన తాళం అది. స్తుతికి తప్ప తెరుచుకోదు."

"ఒట్టు?"

"సంఘమంతా సాక్షి."

"సంఘం వద్దు, మీరు చాలు. స్తుతి కాని పాట ఈ నోట్లోంచి వస్తే తాళం లేదని ఒప్పుకుంటారా?"

"రాదు సార్."

"వస్తే?"

"వస్తే చూద్దాం."

"బావా, ఇట్ల చూడు. మైలవరం డ్యాము నుంచి టీవీఎస్ మీద బుట్ట కట్టుకోని వచ్చినావు. పాత బస్టాండు సందులోకి తిరిగినావు. ఆడోళ్లు వాకిట్లోకి వస్తాండారు. ఏమని కేకేస్తావు? చేపలోయ్..."

"చేపలోయ్! మైలవరం చేపలోయ్! బతికుండే చేపలోయ్! ఎగిరేటి చేపలోయ్!"

"విన్నారా పాస్టరు గారూ? ఒక్క అచ్చరం తడబడలే. మాటలుండే చోటు ఎడమ పక్క. గడ్డ లేచింది ఆడ. రాగాలుండే చోటు వేరే. గడ్డ ఆడికి పోలేదు. అంతే సంగతి. తాళమూ లేదు, తాళంచెవీ లేదు."

"దేవునికి స్తోత్రం!"

"ఏంది? దేనికి?"

"ప్రభువు మొట్టమొదట పిలిచింది ఎవరిని సార్? జాలరులను! చేపలు పట్టేవాళ్లను! యేసోబన్న నోట చేప పలికిందంటే ఊరికేనా?"

"ఓరి నాయనా. మా బావ చీపుర్లు అమ్మింటే ఏమంటుంటిరి?"

"పాపాన్ని ఊడ్చేది ఆయనే కదా సార్."

"కిరసనాయిలు?"

"దీపం ఆరనివ్వడు."

"పాస్టరు గారూ, మీరు మా కాలేజీలో చేరింటే ఏ పరీక్షా తప్పేవాళ్లు కాదు. ప్రశ్న ఏదైనా మీ దగ్గర ఒకటే జవాబు, మార్కులు వేసుకునేది కూడా మీరే."

"మీరు ఎన్నో కప్పలను కోశారంట. ఒక్కదాంట్లో అయినా ఆత్మ కనపడిందా సార్?"

"గుండె కనపడింది. కప్పకు అది సరిపోయింది."

"అన్నా, ఇంగ చాలు. పాస్టరయ్యా, కాఫీ తాగండి. ఆరిపోతాంది."

"తాగుతానమ్మా. సార్, నా మాట నమ్మొద్దు. మనిషి తన నోటితో చెప్పింది నమ్ముతారా? మాత్రలు వద్దని యేసోబన్నే పాడుతున్నాడు. రోజూ పాడుతున్నాడు. 'నీ మాటే నాకు చాలు, నీ మాటే నాకు మేలు.' దేవుని మాట ఒక్కటే చాలు, ఇంకేమీ వద్దని. ఇంతకన్నా తేటగా ఎవరు చెప్తారు? మొన్న ఉపవాస ప్రార్థన నాడు పొద్దుటి నుంచి ఆపకుండా అదే పాట. చేతులు చాచి, కన్నీళ్లు కారుతుంటే! ఇరవై ఊళ్లలో వాక్యం చెప్పాను, అంత ఆత్మావేశం నేనెక్కడా చూడలేదు. ఆడవాళ్లంతా ఏడ్చేశారు."

"ఆ తర్వాత?"

"తర్వాత... పడ్డాడు."

"ఎట్ల పడ్డాడు?"

"మందిరం మెట్ల మీద."

"ఫిట్స్ వచ్చి. నాలుక కొరుక్కోని. ఉపవాసమని ఆ పొద్దు మీరు మాత్ర వేయనీలేదు గనక."

"అది సాతాను పని సార్. మేలు జరిగేచోటే వాడు అడ్డుపడేది."

"సాతాను కూడా మాత్ర మానేసిన పూటే వస్తాడేంది? డాక్టరు చీటీ చూసి వస్తాడా?"

"మీరు పాట వినండి. విన్నాక మాట్లాడండి. యేసోబన్నా, ఎత్తుకో. నీ..."

"నీ మాత్రే నాకు చాలూ... నీ మాత్రే నాకు మేలూ..."

"ఆగు బావా, ఆగాగు. ఏమన్నావు? ఇంగొక తూరి అను."

"నీ మాత్రే నాకు చాలూ..."

"పాస్టరు గారూ, ఇది మాట కాదు. మాత్ర!"

"నాలుక తిరగదు సార్ పాపం. 'నీవు మాత్రమే' అనబోయి..."

"ఇంతసేపూ 'మాటే' అంటిరి. ఇప్పుడు 'మాత్రమే' అంటిరి. ఆయన నోరు తాళం వేసింది కాదు, మీరు ఏది కావాలంటే అది తీసుకునే సంచి!"

"మరి మీరేమంటారు? మాత్రలు కావాలని పాడుతున్నాడంటారా?"

"అనను. అది అంటే నేనూ మీలాంటోన్నే అయితా. నాకు అనుకూలం గదా అని అబద్ధం పట్టుకోను. మెదడు దెబ్బ తిన్నోళ్లకు ఒక మాట అనబోతే దాని పక్కనుండే మాట వచ్చి పడుతుంది. 'మాట' అనబోతే 'మాత్ర'. ఒట్టి పొరపాటు. దానికి అర్థం లేదు, మీకూ లేదు, నాకూ లేదు."

"ఇద్దరూ ఇంగొంచెం జరుగుతారా? మాత్ర టయిమైంది. నోరు తెరువయ్యా. ఆఁ... నీళ్లు తాగు. మింగినావా? సరే."

"చూడమ్మా, మీ అన్న కూడా అర్థం లేదన్నాడు. అర్థం ఉందో లేదో రేపు పులివెందుల తేలుస్తుంది. పొద్దున ఆటో పంపిస్తాం. డబ్బా మరిచిపోవద్దు. వస్తాను సార్, ప్రభువు మిమ్మల్ని దీవించుగాక."

"దీవించనీలే, నాకు నష్టమేముంది."

"పోయినాడన్నా. ఇంగ మెల్లగా మాట్లాడు."

"నువ్వు ఒక్క మాట అనలేవా సలోమీ? 'మా ఆయన మాత్రలు నా ఇష్టం, పోవయ్యా' అని. నోరు ఆయనకు పోయిందా, నీకు పోయిందా?"

"అనొచ్చు. అంటే ఆ మర్నాటి నుంచి ఆయన్ను లేపి స్నానం చేయించేది ఎవరు? నేను చేపలకు మైలవరం పోతే ఈడ కూచునేది ఎవరు? సంఘం ఆడోళ్లే గదా, వంతులేసుకోని."

"నేను లేనా?"

"ఉండావు. ఆసుపత్రికి నువ్వు మెదడు గురించి పుస్తకం పట్టుకోని వచ్చినావు. వాళ్లు అన్నం పట్టుకోని వచ్చినారు."

"సరే, అన్నం తేలేదులే."

"కోపం చేసుకోవద్దు. నిజం చెప్పినా."

"కోపం కాదు. పుస్తకం మంచిదే."

"మంచిదేలే. ఇంగిలీషులో ఉండాది, కిటికీ రెక్క కొట్టుకోకుండా దానికి ఆనిచ్చినా."

"నువ్వు కూడా నమ్ముతాండావా సలోమీ? ఈ తాళం, ఈ పాదాలు?"

"దేవుడుండాడన్నా. మాత్ర గూడా ఉండాది. నాకు రెండూ గావాల."

"రేపు మాత్ర తప్పితే, ఆ జనంలో, ఆ ఎండలో మళ్లీ ఫిట్స్ వస్తే? ఈసారి మెట్ల మీద కాదు, స్టేజీ మీది నుంచి పడతాడు. తలకు ఆపరేషనైన మనిషి. బతుకుతాడనుకుంటాండావా?"

"నాకు తెలీదా?"

"అయితే నేనూ వస్తా. మైకు గుంజుకోని చెప్తా."

"నువ్వు రావద్దు. నువ్వొస్తే అది నీకూ పాస్టరయ్యకూ కొట్లాట అయితాది. ఆయన్ను ఇద్దరూ మరిచిపోతారు, ఇందాక మరిచిపోయినట్లు. నేనుండా గదా."

"నువ్వేం చేస్తావు?"

"ఏమో. పాడనీ."

ఆదివారం మధ్యాహ్నం పులివెందుల నుంచి ఫోను వచ్చేసరికి దేవదానం ప్రొద్దుటూరులో చెప్పులు వేసుకుని వాకిట్లోనే ఉన్నాడు.

"సలోమీ! చెప్పు. ఫిట్స్ వచ్చినాయా?"

"రాలేదన్నా."

"మాత్ర?"

"వేసుకున్నాడు."

"ఎప్పుడు? డబ్బా పెట్టలేదా ఆడ?"

"పెట్టినాడు. పాస్టరయ్య చెప్పినట్లే పెట్టినాడు. ఆయన చేతికి మైకు ఇచ్చినారు. పాడినాడు."

"ఏమని? మాటేనా, మాత్రేనా?"

"మాత్రే."

"మైకులోనా!"

"మైకులోనే. పాస్టరయ్య లేచి, 'అందరూ తిరిగి పలకండి' అన్నాడు. షామియానా అంతా పలికినారు. 'నీ మాత్రే నాకు చాలు' అని."

"సలోమీ, నవ్వించొద్దు. నాకు ఆయాసం."

"నవ్వు గాదు, ఇను. పాడుతా పాడుతా నా పక్కకు చెయ్యి చాపినాడు. నేను స్టేజీ ఎక్కినా. ఆ డబ్బాలోంచే మాత్ర తీసి నోట్లో వేసినా. పాస్టరయ్య చేతిలో నీళ్ల సీసా ఉంటే అది ఇప్పించుకోని తాపినా."

"అంతమంది ముందరనా? పాస్టరు ఊరుకున్నాడా?"

"జనం చప్పట్లు కొడ్తాండారు. ఏంజేస్తాడు? ఆమెన్ అన్నాడు."

"ఏమని సర్దుకున్నాడు ఆ తర్వాత?"

"ప్రభువు మాత్రలోకి కూడా వస్తాడని వాక్యం చెప్పినాడు. ఇంగ రోజూ ఏసుకోవచ్చంట."

"వస్తాడు వస్తాడు, చీపుర్లోకి వచ్చినోడు మాత్రలోకి రాడా! చూసినావా సలోమీ, మనిషి ప్రాణం దేని మీద నిలబడిందో? దేవుని మీద కాదు, ఒక తప్పు మీద. నేను నిన్న చెప్పలా, పక్క మాట వచ్చి పడుతుందని? అచ్చం పుస్తకంలో ఉండేది. ఒట్టి పొరపాటు, దానికి అర్థమే లేదు, అయినా చూడు..."

"పొరపాటు గాదన్నా."

"ఏంది?"

"ఆసుపత్రి నుంచి వచ్చినాంక, ఏం గావాల్నో అడగలేక గోడకు తల కొట్టుకుంటాండె. పాటైతే వస్తాది గదా అని, ఆ పాటలో మాట తీసేసి మాత్ర పెట్టి నేనే నేర్పినా. కష్టపడి నేర్చుకున్నాడు. చెయ్యి చాపి అది పాడితే మాత్ర గావాలని."

"మరి నాకు... నిన్న నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పింటే పాస్టరయ్య ముందరే చాక్‌పీసు తీసుకుంటుంటివి. దేవుని పాటలో నేను మాట మార్చినానని తెలిస్తే సంఘంలో ఎవరన్నా మా గడప తొక్కుతారా?"

"ఆగు సలోమీ. ఆగు. అయితే ఆ ఉపవాసం నాడు..."

"నేను మైలవరంలో చేపల కాడ ఉంటినన్నా. పొద్దన్నుంచీ చెయ్యి చాపి మాత్ర అడిగినాడు. సంఘమంతా చుట్టూ నిలబడి ఆమెన్ అన్నారు."