ఊరంతా నిండిన నాలుగు కుర్చీలు

మీటింగులకి కుర్చీలు అద్దెకిచ్చే కుర్చీలన్న టీ కొట్టు బెంచీ మీద చేరాడంటే ఆ పూటకి ఇంకొకరి నోరు లేవదు. ఆ సాయంత్రం కొట్టు నడిపే అక్క మాత్రం అతని కోసమే పొద్దున్నుంచీ ఎదురుచూస్తోంది. రోడ్డు వెడల్పు చేస్తామని మునిసిపాలిటీ వాళ్ళు ఆమె కొట్టు గోడ మీద ఎర్రరంగుతో గీత కొట్టి పోయారు. రేపు పొద్దున వచ్చి కూలగొడతారట. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్నీ ఆ పొయ్యి మీదే పెంచుకొచ్చింది. దేశాన్నేలే ప్రెసిడెంటు దాకా మాట మోసుకెళ్ళగల మనిషి ఆమె ఎరికలో ఈ కుర్చీలన్న ఒక్కడే.

"ప్రెసిడెంటు గారు నాకు తెలుసు అనకూడదు చెల్లెమ్మా, నేనంటే ఆయనకి తెలుసు అనాలి," అంటూ ఎత్తుకున్నాడతను. "గెలిచిన కొత్తల్లో జనం ఎట్లా వచ్చేవాళ్ళనుకున్నావు, నా కుర్చీలు చాలక ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చునేవాళ్ళు. తర్వాత్తర్వాత పలుకుబడి పల్చబడింది. మంత్రులు ఒక్కొక్కరే జారుకున్నారు. వచ్చే వారం ఎన్నికలా, మళ్ళీ గెలుస్తాడని సొంత పార్టీవాళ్ళే అనడం లేదు, మైదానం చూస్తే సగం ఖాళీ. పాపం, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నేనేం చేశాను? కుర్చీకీ కుర్చీకీ మధ్య జానెడు ఎడం పెట్టాను. మైదానం నిండిపోయింది."

అంతవరకూ బాగానే ఉంది. కుర్చీలు వేసేవాళ్ళందరికీ తెలిసిన కిటుకే అది. పక్కన కూర్చున్న రిటైరైన బస్సు కండక్టరు కూడా తలూపాడు. జనం ఇంకా తగ్గితే ఏం చేశావోయ్ అని అడిగాడు. అతన్ని అలా అడగడమే పొరపాటు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా బాబాయ్?" అని కుర్చీలన్న బెంచీ మీద మఠం వేసుకున్నాడు. జానెడు బారెడైందట, బారెడు కాస్తా వీధి పొడుగైందట. పక్కపక్క సీట్లలో కూర్చున్న మొగుడూ పెళ్ళాలు ఫోన్లు చేసుకుని మాట్లాడుకున్నారట. ఒక వరస మైదానం దాటి, రైలు పట్టాలు దాటి అవతలికి పోతే, రైలాయన బండి ఆపి, ఖాళీ కుర్చీ ఒకటి చూసుకుని, ప్రసంగమంతా విని మరీ కదిలించాడట. అక్క నోరెళ్ళబెట్టి వింటోంది. పట్టాల మీద ఆగిన రైలూ, కిటికీల్లోంచి తొంగిచూసే జనమూ ఆమె కళ్ళకి కట్టినట్టే ఉన్నాయి. గ్లాసు నిండి టీ పొర్లిపోతున్నా చూసుకోలేదు.

ఆ పై సభకి జనం ఇంకా పల్చబడ్డారు. ఊరికి నాలుగు మూలలా నాలుగే కుర్చీలు వేశానన్నాడు కుర్చీలన్న. మధ్యలో ఉన్నదంతా సభే కదా, ఊరు ఊరంతా నిండిపోయిందని పేపర్లన్నీ రాశాయట. ప్రతిపక్షం వాళ్ళు మీటింగు పెట్టుకుందామంటే అడుగు జాగా లేదు. ప్రెసిడెంటు గారి సభ నడిమధ్యన మీరెలా పెడతారని పోలీసులు కసిరి పంపించారట.

"అమ్మో," అంది అక్క. నాలుగు కుర్చీలతో ఊరిని నింపేసినవాడికి తన కొట్టొక లెక్కా అనిపించి ఆమె గుండె తేలికపడింది.

"అదొక లెక్కా? మొన్నటి సభకి ఆ నలుగురూ దొరకలేదు. ఒకటే కుర్చీ వేశాను. నాలుగువైపులా దేశం సరిహద్దుల దాకా ఎడమే. అందులో కూర్చున్నదెవరో తెలుసా? నేనే. ఆయన నన్నే చూస్తూ గంటన్నర మాట్లాడాడు. స్టేజీ దిగొచ్చి నా చెయ్యి పట్టుకుని, నువ్వున్నంతకాలం నాకు ఓటమి లేదయ్యా, ఏం కావాలో కోరుకో అన్నాడు. రేపు పొద్దున ఆఖరి సభ. నేను రాకపోతే స్టేజీ మెట్టెక్కనని ఒట్టు పెట్టుకున్నాడు."

కోరుకో అన్న మాట వినగానే అక్క మొహం విప్పారింది. అడగడానికి నోరు తెరిచి, ఎందుకో ఆగింది. గిన్నె దింపి, పొయ్యి ఆర్పేసింది.

"అన్నా, నా కొట్టు సంగతి ఆయన చెవిన వేయమని అడుగుదామనే కూర్చున్నాను," అంది. "ఇప్పుడు వద్దులే. నువ్వొక్కడివి తప్ప వినే దిక్కు లేని మనిషి మాట మునిసిపాలిటీ వాళ్ళు మాత్రం ఏం వింటారు?"

కండక్టరు పొలమారి టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. కుర్చీలన్న మఠం విప్పి, కాళ్ళు బెంచీ కిందికి దించాడు.

"ఆయన్ని వదిలెయ్," అంది అక్క. "నువ్వు రా. రేపు పొద్దున వాళ్ళు వచ్చేసరికి ఆ ఒక్క కుర్చీ నా గుమ్మం ముందు వేసుకుని కూర్చో. మనిషి కూర్చుని ఉంటే మీదికి యంత్రం తోలలేరు కదా."

రేపే కదటోయ్ ఆఖరి సభ అని కండక్టరు గుర్తు చేశాడు. కుర్చీలన్న అతనివైపు చూడలేదు. గోడ మీది ఎర్రగీతని చాలాసేపు చూశాడు.

"ఎన్నింటికొస్తారన్నావు చెల్లెమ్మా?" అని అడిగాడు, మామూలు మనిషి గొంతుతో.