అన్నీ ఎడమ చేతులే

టైలరింగ్ షాపు ఎదుట టీ బంకు బెంచీ మీద కత్తెరక్క కూర్చుందన్న మాటే గానీ, చేతిలో టీ అలాగే చల్లారిపోతోంది. పొద్దున ఆమె కత్తిరించిన బ్యాండు వాళ్ల కోట్లు కుట్టడానికి తీస్తే, చేతులన్నీ ఎడమ చేతులే. గుడ్డ పొరల్ని మంచివైపులు ఎదురెదురుగా వచ్చేట్టు పరిస్తేనే కుడీ ఎడమా జతగా తెగుతాయి. అన్నీ ఒకే వైపు పరవమన్నది మేస్త్రీ. "తొందరగా అయిపోతుంది, నే చెబుతున్నాగా" అన్నాడు. కత్తెర పట్టింది మాత్రం ఆమె. ఓనరుగారు ఇప్పుడే వచ్చి తన గదిలో కూర్చున్నారు. ఇక ఎవరి పని పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

మేస్త్రీ మాత్రం అదే బెంచీ మీద ఏమీ ఎరగనట్టు కాలు మీద కాలేసుకుని పాత షాపు కబుర్లు ఎత్తుకున్నాడు.

"నిజాయితీ అంటే నాదే బాబాయ్," అన్నాడు ఇస్త్రీ బాబాయితో. "పాత షాపులో ఓసారి ఒక చొక్కాకి గుండీ కాస్త పక్కకి పడింది. ఎవరూ చూళ్లేదు. నేనే వెళ్లి, అయ్యా, తప్పు నాదండీ అన్నాను. అంతే, ఆ ఓనరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మళ్లీ కూర్చున్నాడా?"

"నన్ను కూర్చోబెట్టాడు. అదే కుర్చీలో. ఇక నన్ను చూసి షాపు షాపంతా మారిపోయిందనుకో, ఒకడు దాచేసిన దారపుండ తెచ్చిచ్చాడు, ఇంకొకడు పని ఎగ్గొట్టి సినిమాకెళ్లానని వాడంతట వాడే ఒప్పుకున్నాడు, ఆఖరికి గోడ గడియారం, ఎప్పుడూ ముందు పరిగెత్తేది, నా మొహం చూసి సిగ్గుపడి ముల్లు వెనక్కి తిప్పుకుంది. మిషన్ల సంగతి అడక్కు. ఎవరైనా అబద్ధమాడితే చాలు, సూది దిగేది కాదు."

"నువ్వు కుట్టేటప్పుడు దిగేదా?"

"మధ్యలో అడ్డు రాకు బాబాయ్. ఓ రోజు దొంగ పడ్డాడు. గుడ్డ తాను భుజానేసుకుని పోబోతుంటే నా స్టూలు కనబడింది. నేను లేను సుమా, ఉత్త స్టూలు. వాడు తాను పెట్టేసి, షాపు ఊడ్చి, విరగ్గొట్టిన తాళం బాగుచేసి మరీ పోయాడు. పొద్దున్నే నేను వెళ్లేసరికి, కోటు తొడిగిన బొమ్మ లేదూ, అది తల వంచి నాకు దణ్ణం పెట్టింది."

"ఆ బొమ్మలకి తల ఉండదుగా మేస్త్రీ," అంది కత్తెరక్క.

"లేని తల వంచింది. విశేషం అదే మరి."

బెంచీ అంతా ఘొల్లుమంది. ఆమెకీ నవ్వు వచ్చినంత పనైంది. ఈ మనిషితో వచ్చిన చిక్కే ఇది, కోపం నిలవదు. ఆమెకి కత్తెర పట్టడం నేర్పింది అతనే. పిల్లకి జ్వరమొస్తే ఆమె వంతు పని నోరెత్తకుండా చేసిపెట్టిందీ అతనే. కానీ ఇవాళ నవ్వి ఊరుకుంటే రేపు ఇంట్లో కూర్చోవాలి.

"మేస్త్రీ," అంది నెమ్మదిగా, "నీ స్టూలు చూసే దొంగ మారిపోయాడన్నావు. ఆ స్టూలు మీద కూర్చునే మనిషి రోడ్డు దాటి వెళ్లి ఒక్క మాట చెప్పలేడా? ఆనాడు గుండీ గురించి చెప్పిన మాటే."

మేస్త్రీ ఖాళీ గ్లాసే ఎత్తి తాగాడు. తర్వాత లేచి, చొక్కా సర్దుకుని రోడ్డు దాటాడు.

ఓనరుగారి గది కిటికీ బంకు వైపే ఉంది.

"అయ్యా... తప్పు నాదండీ." గొంతు పీలగా ఉంది. "ఆ అమ్మాయిది కాదు. అలా పరవమన్నది నేనే."

ఆ తర్వాత పడ్డ చీవాట్లకి రోడ్డున పోయేవాళ్లు కూడా ఆగి చూశారు. "ఇన్నేళ్లొచ్చాయి, కుడి చెయ్యేదో ఎడమ చెయ్యేదో తెలీదూ? మిగిలిన గుడ్డలో కుడి చేతులు తియ్యండి. అవి కుట్టేదాకా నీకు ఆదివారం లేదు, పో."

కత్తెరక్క ఊపిరి పీల్చుకుంది. చల్లారిన టీ పారబోసి రెండు వేడి టీలు చెప్పింది.

మేస్త్రీ ఎర్రబడ్డ మొహంతో వచ్చి కూర్చున్నాడు. గ్లాసు చేతికందగానే ప్రాణం లేచొచ్చింది.

"చూడాల్సింది బాబాయ్. నేను నోరు తెరవగానే ఓనరుగారు లేచి నిలబడ్డారు. కళ్లనిండా నీళ్లు. కూర్చోవయ్యా అని కుర్చీ..."

"కిటికీ తీసే ఉంది మేస్త్రీ," అంది కత్తెరక్క.

మేస్త్రీ కిటికీ వైపు చూశాడు. టీ ఊదుకున్నాడు.

"అంతా వినబడిందా?"

"తప్పు నాదండీ అన్నది బాగా వినబడింది."