మిరపకాయల కొట్లో డాక్టరమ్మ

"నాయనమ్మా, జర్మనీలో యూదుల్ని తరుముతుంటే మన దేశం తలుపు తీసిందా, మూసిందా? కాలేజీలో రాసుకురమ్మన్నారు."

తీసిందే. తీసి, లోపలికొచ్చినాక గొళ్ళెం పెట్టింది. మీ పుస్తకాల్లో ఉందో లేదో నాకు తెలవదు, నేను కళ్ళతో చూశా. నా మాటలు రికార్డు చేసే ఆ ఫోను ఇంకాస్త దగ్గర పెట్టు. ఒకప్పుడు నేను కేకేస్తే నరసరావుపేటలో వినపడేది, ఇప్పుడు గడప దాటట్లా.

నాకప్పుడు పదేళ్ళు. ఇప్పటి పిల్లల్లాగా కాదు, మిరపకాయల బస్తా ఒంటిచేత్తో లేపేదాన్ని. సరే, రెండు చేతుల్తోలే. పేట ఆసుపత్రిలో రూతమ్మని, జర్మనీ నుంచొచ్చిన డాక్టరమ్మ ఉండేది. యూదులావిడ. అక్కడ బతకనివ్వటంలేదని ఓడెక్కి వచ్చేసింది. మా అమ్మకి రెండు రోజులు నొప్పులొచ్చి బిడ్డ అడ్డం తిరిగితే, ఎద్దుబండి మీద మా ఊరు నాదెండ్ల వచ్చి మా తమ్ముణ్ణి ప్రాణాలతో తీసింది ఆవిడే. మీ చిన్న తాతే వాడు.

తర్వాత పెద్ద యుద్ధం వచ్చింది. అప్పుడు మన రాజ్యం మన చేతిలో లేదు కదే, ఇంగ్లీషోళ్ళది. జర్మనీ వాళ్ళెవరున్నా పట్టుకుని కంచె లోపల పెట్టమని ఉత్తర్వు. యూదులైనా సరే. రూతమ్మ పారిపోయి మా ఇంటికొచ్చింది. మంచినీళ్ళిస్తే గ్లాసు పళ్ళకి టకటకా కొట్టుకుంది. అట్టాంటి భయం మళ్ళీ చూడలా. మా నాయన ఆమెని మిరపకాయలు నిలవుంచే కొట్లో బస్తాల వెనక కూర్చోబెట్టాడు. ఆ ఘాటు మాకు పుట్టినకాడి నుంచి అలవాటు. ఆమెకి కాదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు చూడు!

మిట్టమధ్యానం పదిమంది పోలీసులు దిగారు. పదిమందా? కాదులే, ముగ్గురు. జమేదారు ఏడడుగుల మనిషి. "జర్మనీ ఆవిడేదయ్యా?" అన్నాడు. మా నాయన "తెలవదయ్యా" అన్నాడు. అప్పుడే కొట్లోంచి చిన్న దగ్గు. నోట్లో గుడ్డ కుక్కుకుని దగ్గితే ఎట్టుంటది, అట్టా. మా అమ్మ ఒళ్ళో బిడ్డని గట్టిగా అదుముకుంది. జమేదారు మాత్రం తల తిప్పలా. వినపడలేదు వాడికి.

నేనూరుకుంటానా! కొట్టు తలుపుకి అడ్డంగా దూకి ఖళ్ళుఖళ్ళున దగ్గా. తుమ్మా, కళ్ళు నలుపుకున్నా, కిందపడి దొర్లా. నాటకాలోళ్ళు నా ముందు దిగదుడుపే.

"ఏందే ఆ దగ్గు?"

"మిరపకాయల ఘాటు బాబాయ్."

వాడు నవ్వాడు. వాడిది నూజెండ్ల, వాళ్ళింట్లోనూ మిరప తోటలే. "ఏమయ్యా, మిరపకాయల్లో పెరిగిన పిల్లకి ఘాటెక్కిందంట! ఆ తలుపు తియ్యి" అన్నాడు.

జమేదారుని నిలబెట్టి కడిగేశానని ఊరంతా చెప్పుకున్నా ఇన్నేళ్ళూ. మీ నాన్నక్కూడా అట్టానే చెప్పా. కడిగిందీ లేదు, ఏమీ లేదు. గొప్పకి పోయి ఆమెని పట్టించింది నేనే.

ఎవరూ తియ్యకముందే రూతమ్మ బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా వాచి నీళ్ళు కారుతున్నై. "అక్కడ యూదుదాన్నన్నారు. ఇక్కడ జర్మనుదాన్నంటున్నారు" అంది, వచ్చీరాని తెలుగులో. పోతా పోతా నా తల మీద చెయ్యేసింది. బండెక్కించుకుపోయారు. ఏమైందో మళ్ళీ మాకు తెలవలా.

ఇప్పటికీ పోపులో ఎండుమిర్చి మాడి నువ్వు దగ్గావంటే, ముందు వీధి తలుపు వంక చూస్తా.

చల్లగా ఉండు తల్లీ. నీ ఇంట్లో ఎవరూ అట్టా దాక్కోవాల్సిన రోజు రాకూడదు. వస్తే మాత్రం... ఊరికే కూర్చో. నాలాగా గొప్పకి పోయి దగ్గబాక.