సేటుకు దొరికిన మాఫీ

కూసోమనకుండ్రి వకీల్ సాబ్, నిలవడే మాట్లాడుత. కొల్హార్‌ల సేటు కార్ఖానాల ఇన్నేండ్లు నిలవడే పనిచేసిన, కాళ్ళకు అలవాటే.

ఒక్కటి చెప్పుండ్రి. మొన్న ఫోన్ల మీరన్నదేంది? “కమలమ్మా, సేటు మాఫీ అడిగిండు, కోర్టు ఇచ్చింది.” గంతే గదా?

మీకు అది డిపాజిట్ మాఫీ. నాకు? మా ఇండ్లల్ల మాఫీ అంటే తప్పు చేసినోడు తలవంచి అడిగేది. నాకు గదొక్కటే ఎరుక సాబ్.

అడగడా మరి, అనుకున్న! నెలనెలా నా జీతంలకెళ్ళి పీఎఫ్ కోసుకుండు, పీఎఫ్ ఆఫీసుల కట్టలే. కట్టుమని ఆ ఆఫీసు ఆర్డర్ వచ్చినంక, “ఈ కమలమ్మ ఎవరో నాకెరుక లేదు” అని రాసిచ్చిండు. క్రిస్మస్ క్రిస్మస్‌కు నా చేతి గరిజెలు తిన్న మనిషి!

గందుకే మీ మాట విని ఐతారం నాడు చర్చిల లేచి సాక్ష్యం చెప్పిన. సేటు మనసు కరిగింది, నేను గూడ ఆయన్ని క్షమించిన అని. పాస్టరమ్మ కండ్లు తుడుచుకుంది. ఇంకేం కావాలె నా బతుక్కు!

ఇప్పుడేమంటున్నరు? ఆ ఆర్డర్ మీద సేటు అప్పీలుకు పోవాలంటే కట్టాల్సినదాంట్ల ముప్పావు భాగం ముందుగాల జమ చెయ్యాలె, అది చట్టం. కారణం రాసి దాన్ని మాఫీ చేసే ఇష్టం జడ్జిది, అదీ చట్టమే. మరి ఏం కారణం రాసిండ్రు? కార్ఖానా నష్టంల ఉందనా? థూ! హైదరాబాద్‌ల అపార్ట్‌మెంట్లు లేపుతుండు సాబ్. ఫ్లెక్సీ మీద ఆయన మొఖం బస్సులకెళ్ళి నేనే చూసిన. జడ్జి సాబ్ ఆ తొవ్వన పోడా?

ఏందీ? కట్టలేని గరీబోళ్ళ కోసం పెట్టిన దయనా అది? ఉండనీయుండ్రి, నేను వద్దంటలే. చిన్న తలుపు, మంచి తలుపే. కానీ దాంట్లకెళ్ళి కార్లు దూరుతున్నయి, నేను బయటనే నిలవడ్డ.

ఆ పైసలు కోర్టుల ఉంటే నాకు ధైర్యముంటుండె. ఇప్పుడు అప్పీలు తెగేదాంక కార్ఖానా అమ్ముకొని పోతడు. రేపు మనం గెలిచినా ఎవరి దగ్గర వసూలు చెయ్యాలె, ఖాళీ షెడ్డు దగ్గరనా?

నవ్వుతుండ్రా? నవ్వుండ్రి. నాకే నవ్వొస్తుంది, నా సాక్ష్యం యాదికొస్తే.

సరే సాబ్. కోర్టు ఇచ్చిన మాఫీ కోర్టు దగ్గరనే ఉండనీ. నేనిచ్చింది మాత్రం నాకు వాపస్ కావాలె. అందరి ముందర ఇచ్చిన, వచ్చే ఐతారం అందరి ముందరనే తీసుకుంట.

దానికి గూడ కారణం రాయాల్నా? రాసుకోండ్రి మరి.

ఆయన నన్ను అడగనే లే.