జానెడు చోటు

హిందూపురం షోరూములో రెండు కరెంటు కార్లు పక్కపక్కనే ఉన్నాయి. రెండింటి వెనక సీట్లలోనూ కూర్చుని, మోకాలి ముందు చెయ్యి పెట్టి కొలిచి, దిగి భర్త వైపు తిరిగిందామె. ధర్మవరంలో ఇరవై ఏళ్లు మగ్గం తొక్కిన కాలు అది, పూర్తిగా వంగదు.

"ఏమయ్యా, చిన్నదాంట్లో జానెడు చోటు ఉండాది. పెద్దదాంట్లో నాలుగు వేళ్లు కూడా పట్టలేదు."

"బయట చూడు! పెద్దది ఇంటిముందర నిలబెడితే వీధంతా చూస్తాది."

"వీధి వచ్చి దాంట్లో కూర్చుంటాదా? కింద బ్యాటరీ అంట, నేల ఎత్తుగా ఉండాది. మోకాలు గడ్డానికి తగులుతాండాది."

"బండి పూజకు కదిరి గుడికే కదా పోయేది. గంటన్నర ఓర్చుకో."

"అట్లయితే ముందర సీట్లో కూర్చుంటా."

"మా అన్న కూడా వస్తాడు. ఆయన వెనకాల, నువ్వు ముందరా? పెద్దోడు కదా, బాగుంటాదా?"

"ఇరవై ఏండ్లు మగ్గం ముందర కూర్చున్నది నేనే. అప్పుడు ఆయన పెద్దోడని ఎవురికీ గుర్తు రాలేదే!"

"మెల్లగా మాట్లాడు. షోరూమాయన వింటాండాడు."

"విననీ. నువ్వు పెద్దదే తీసుకో, నేను బస్సులో వస్తా. స్వామి బండిని చూస్తాడో, మనిషిని చూస్తాడో, ఆడికి పోయినంక తెలుస్తాది."

"కొత్త బండి పెట్టుకొని నువ్వు బస్సు దిగితే జనం ఏమనుకుంటారు?"

"బండి శానా పెద్దది అనుకుంటారు."

భర్త పెద్దదాంట్లో తెల్ల రంగు ఉందా అని షోరూమాయనను అడిగాడు.